పెద్దలలో తగ్గని నిమ్ము

పంచాయతీ సభ్యులారా,

కృష్ణా డెల్టాలో నాట్లకాలము రాగానే పొలములన్నియు బురదయగును. ఇట్టి తడిమన్నులో కొన్ని తావుల ఒక సూక్ష్మజీవి నివసించును. దానివలన కలుగు వ్యాధిని మెలియాయిడోసిస్ అందురు. 1911లో రంగూనులో విట్‌మోర్ అను వైద్యుడును, ఆయన సహాయకుడు కృష్ణస్వామియు దీనిని మొదట గుర్తించిరి. 2025 సెప్టెంబరులో గుంటూరు సమీపమున తురకపాలెంలో వరుస మరణముల పిమ్మట వైద్యులు ఈ వ్యాధిని అనుమానించి పరీక్షలు జరిపిరి. నాటినుండి ఈ పేరు మన పత్రికలలో వినవచ్చినది.

కాలి పుండ్లద్వారాను, గాలివానలో పీల్చిన తుంపరలద్వారాను ఈ క్రిమి శరీరములో ప్రవేశించును. ఆరోగ్యవంతులలో పెక్కుమందికి హాని కలుగదు. మధుమేహము, మూత్రపిండవ్యాధి కలవారిలో మాత్రము ఊపిరితిత్తులను పట్టి, జ్వరము, దగ్గు కలిగించి, మనిషిని చిక్కించి, అచ్చముగా క్షయవలె కనబడును. కఫములో క్షయక్రిమి కనబడకున్నను క్షయమందులే మ్రింగుచు కాలము గడుపువారు కలరు.

పెద్దవయసువారి విషయమున మరియొక చిక్కు కలదు. ఇట్టి అరుదైన వ్యాధి ఈయనకే ఏల సోకినదని విచారింపవలెను. కొందరిలో పైకి తెలియని క్యాన్సరు లోలోపల బలమును హరించి క్రిమికి దారి యిచ్చియుండును. ఊపిరితిత్తిలోని కంతి గాలిగొట్టమును మూసినచో, ఒకేచోట నిమ్ము మరల మరల చేరును. ఇంజెక్షన్లతో జ్వరము తగ్గును, రోగి ఇల్లు చేరును. కంతి అచటనే యుండును. కావున సుమారు ఆరు వారముల పిదప మరల ఎక్స్‌రే తీయించుట ముఖ్యము. మచ్చ తొలగనిచో స్కానింగు అవసరమగును. “ముసలిదగ్గులే” అను మాటతో మనము ఎన్ని వ్యాధులను కప్పిపుచ్చుచున్నామో!

రోగిని విజయవాడకో గుంటూరుకో పంపునపుడు, అతడు పొలములో దిగువాడనియు, చక్కెరవ్యాధి కలదేమో, ముందు వాడిన మందులేవో వెంట వెళ్ళువారు వైద్యునికి తెలుపవలెను. కఫము, రక్తము కల్చర్ పరీక్షకు పంపుమని అడుగుటలో తప్పులేదు. ప్రత్యేకముగా వెదకనిచో ప్రయోగశాలలో ఈ క్రిమిని మరియొకటిగా తలచుట కలదు. వ్యాధి నిర్ధారణయైనచో కనీసము 10 దినములు ఇంజెక్షన్లు, తరువాత 3 నెలలు మాత్రలు వాడవలెను. నడుమ మానినచో తిరుగబెట్టును. ఈ మూడు నెలలు మాత్రలు అందుచున్నవో లేవో కనుగొనుట వార్డు సభ్యునికి సాధ్యమైన పనియే. మనిషినుండి మనిషికి సోకుట మిక్కిలి అరుదు గనుక ఆ ఇంటికి రాకపోకలు మాన నక్కరలేదు.

మధుమేహము కలవారు పుండ్లతో బురదలో దిగరాదు. రబ్బరు బూట్లు మేలు. బూట్లతో నాట్లు వేయుట ఎంత కష్టమో మేమెరుగుదుము. అట్టివారికి గట్టుమీది పని అప్పగింపుడు.