చేయక చేయుట

గ్రామ గ్రంథాలయ రజతోత్సవమునందు చైనా తత్త్వవేత్తను తలచుకొనుట వింతగా తోచవచ్చును. కాని లావోత్సే అను ఆ పెద్ద ఒక విధముగా గ్రంథాలయోద్యోగియే. క్రీ. పూ. 100 ప్రాంతమున చరిత్ర రచించిన సీమా చియెన్ కథనము ననుసరించి, ఆయన చౌ రాజుల గ్రంథభాండాగారమును కాపాడినవాడు. రాజ్యము క్షీణించుట చూచి కొలువు విడిచి వెడలిపోవుచుండగా, కనుమవద్ద కావలియున్న అధికారి ఆపి, పోవుటకు ముందు ఒక పుస్తకము వ్రాసి యిమ్మని వేడుకొనెనట. లావోత్సే సుమారు 5,000 అక్షరములలో రెండు భాగములుగా వ్రాసి యిచ్చి, కనుమ దాటిపోయెను. పిమ్మట ఏమాయెనో ఎవరికిని తెలియదు.

అట్టి వ్యక్తి ఉండెనా యని శంకించు పండితులును కలరు. పుస్తకము మాత్రము ప్రాచీనమే. 1973లో మావాంగ్‌త్వీ సమాధియందు పట్టుబట్టపై వ్రాసిన ప్రతులు రెండు బయల్పడినవి. 1993లో క్వోత్యెన్ అను చోట వెదురుబద్దలపై వ్రాసిన భాగములు దొరకినవి, అవి క్రీ. పూ. 300 ప్రాంతమువని అంచనా. తాటాకు గ్రంథముల నెరిగిన తెలుగువారికి వెదురుబద్దల పుస్తకమును ఊహించుకొనుట కష్టము కాదు.

ఆ పుస్తకమునందలి 'వూ వెయ్' అను మాట మిక్కిలి అపార్థమునకు గురియైనది. దాని అక్షరార్థము 'చేయకుండుట'. ఇది విని సోమరి సంతోషించును, కష్టజీవి కోపించును. ఇద్దరును తొందరపడినవారే. లావోత్సే మార్గమునే నడచిన చ్వాంగ్‌త్సే పేరిట నిలిచిన గ్రంథమున ఒక వంటవాని కథ కలదు. అతడు ఎద్దును కోయుటలో నేర్పరి. (ఈ ఉదాహరణము తెలుగు రైతునకు కటువుగా నుండును, కథను కథగానే వినవలెను.) సామాన్యుడు నెలకొక కత్తి మార్చును, మంచి పనివాడు ఏడాదికొకటి. ఇతని కత్తికి మాత్రము 19 ఏండ్లైనను పదును తగ్గలేదు. ఎముకను కొట్టక, కీళ్ళ నడుమనున్న సందులోనే కత్తిని పోనిచ్చుట అతని రహస్యము. చిక్కైన చోటు వచ్చినపుడు అతడు బలము పెంచడు; నెమ్మదించి, చూపు నిలిపి, చేయి తేలిక చేయును.

నీటితో పని గలవారికి ఇంతకన్న దగ్గర ఉదాహరణము సిచువాన్ రాష్ట్రమునందలి దూజ్యాంగ్‌యెన్. క్రీ. పూ. 256 ప్రాంతమున లీ బింగ్ అను పాలకుడు మిన్ నదిపై ఆ పని సాగించెను. అతడు తావో మార్గస్థుడని చెప్పుటకు ఆధారము లేదు. కఠినశాసనములకు పేరుపడిన చిన్ రాజ్యపు ఉద్యోగి. అయినను అతడు నదికి అడ్డుకట్ట వేయలేదు. వెదురుబుట్టలలో రాళ్ళు నింపి, నది నడుమ పొడవున గట్టు పేర్చి, ప్రవాహమును రెండు పాయలుగా చీల్చెను. లోపాయ పొలములకు, వెలిపాయ వరదకు. లోపాయకు దారి కావలెనన్న కొండను తొలువవలసి వచ్చెను. తుపాకిమందు లేని కాలమగుటచే రాతిని మంటలతో కాచి, నీరు చల్లి పగులగొట్టిరని చెప్పుదురు. 'చేయకుండుట' ఎంత చాకిరి పిమ్మట లభించునో చూడుడు! అంతటితోను పని తీరలేదు. నీరు తగ్గిన కాలమున పూడిక తీయుట తరతరములుగా వచ్చిన నియమము. ఎంతలోతు తీయవలెనో తెలియుటకు అడుగున ఇనుపకడ్డీలు పాతియుంచిరి. ఇటీవలి కాలమున కాంక్రీటును, తలుపులును చేరినవి గాని పద్ధతి మారలేదు. 2008 భూకంపమున గట్టుమొన బీటలు వారినను పొలములకు నీరు పారుచునే యున్నది.

చ్వాంగ్‌త్సే గ్రంథముననే ఏతము కథయు కలదు. ఒక వృద్ధుడు బావిలోనికి దిగి, కడవతో నీరు తెచ్చి కూరపాదులకు పోయుచుండెను. కన్‌ఫ్యూషియస్ శిష్యుడు త్సెకుంగ్ చూచి జాలిపడి, ఏతముతో దినమునకు నూరు మళ్ళు తడుపవచ్చునని చెప్పెను. వృద్ధుడు నవ్వి, ఏతము నెరుగక కాదనియు, యంత్రము వచ్చిన యింట యంత్రపు పనులు, ఆపై యంత్రపు మనసు వచ్చుననియు, అందుచే సిగ్గుపడి వాడననియు బదులిచ్చెను.

ఏతము పోయి విద్యుత్ మోటారు వచ్చిన పల్లెలలో ఈ మాట వినదగినది. ఏతము త్రొక్కినవాని నడుము నొప్పి నెరిగినవారెవరును మోటారును నిందింపరు. నిందించుట న్యాయమును కాదు. కాని మోటారు మిగిల్చిన పూట ఎటు పోయెను? ఉత్తరము మూడు దినములకు చేరిన కాలమున జవాబు వ్రాయుటకు తీరిక యుండెను. చేతి ఫోనులో మాట క్షణమున చేరుచుండగా, క్షణమాలస్యమైనను మనసు కుదుటపడదు. వృద్ధుడు భయపడినది కొయ్యకు గాదు, ఈ తొందరకు.

త్సెకుంగ్ సిగ్గుపడి, 30 లీల దూరము నడచిన పిదపగాని తేరుకొనలేదట. గురువుకడకు పోయి జరిగినది చెప్పెను. కథలోని కన్‌ఫ్యూషియస్ వృద్ధుని పూర్తిగా మెచ్చుకొనలేదు. అతడు ఒకటి యెరిగి రెండవది యెరుగనివాడనియు, లోపలిని చక్కబెట్టుకొని వెలుపలిని విడిచినవాడనియు చెప్పి ఊరకుండెను.