మా బండ్ల షెడ్డు లెక్క

బ్యాంకు లింకేజీ అప్పుతో మేం మోటార్‌సైకిళ్ల మెకానిక్ షెడ్డు నడుపుతున్నాం. పని లేదని కాదు మా బాధ, చేసిన పనికి డబ్బు రాదని. ఊళ్లో అందరూ అన్నలూ మరుదులే. "రేపిస్తాలే వదినా" అని బండెక్కి పోతారు. సామాను షాపాయన ఆగడు, కిస్తీ ఆగదు.

అందుకే ఇప్పుడు బండి రాగానే నంబరు, తిరిగిన కిలోమీటర్లు, చెప్పిన కంప్లయింటు, అయ్యే ఖర్చు రాసి సంతకం పెట్టించుకుంటున్నాం. ఆ తర్వాతే బోల్టు విప్పేది. తీసేసిన బ్రేకు షూలు, క్లచ్ ప్లేట్లు బండాయన చేతికే ఇస్తాం, కొత్తవి వేశారా లేదా అనే పేచీ ఉండదు. సామాను డబ్బు ముందే కట్టాలి, కూలికి మటుకు వారం ఆగుతాం. మా సభ్యుల ఇళ్ల బండ్లకూ ఇదే పద్ధతి. పాత బాకీలు మాత్రం ఇంకా పుస్తకంలోనే ఉన్నాయి. వాటిలో ఇక్కడ కూర్చున్న అక్కల ఇళ్లవీ ఉన్నాయి, పేర్లు చదవంలెండి.