మరక పడిన చోటే జబ్బు ఉండదు

మెకానిక్ డీజిల్, మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడ్లలో ఈ రోజు సర్టిఫికెట్లు అందుకుంటున్న అమ్మాయిలకు, అబ్బాయిలకు మనసారా అభినందనలు. గ్రీజు అంటిన యూనిఫాంలు ఉతికి, రేపటికి మళ్లీ సిద్ధం చేసి పంపిన తల్లిదండ్రులకు ప్రత్యేకంగా నమస్కరిస్తున్నాను. ఈ పట్టాలో మీ వాటా పెద్దది.

యూనివర్సిటీ చదువులకు స్నాతకోత్సవాలు ఎప్పటినుంచో ఉన్నాయి. ఐటీఐ విద్యార్థులకు దేశవ్యాప్తంగా ఆ గౌరవం 2022 సెప్టెంబరు 17న, విశ్వకర్మ జయంతి నాడు మొదలైంది. పనిముట్టు పట్టిన చేతికీ వేదిక ఉందని దేశం ఒప్పుకున్న రోజు అది. ఆ వేదిక మీద నిలబడి మీతో పని గురించే మాట్లాడాలనిపించింది. అందుకే ఒకే ఒక్క లోపాన్ని తీసుకుంటాను: కొత్తగా బిగించిన టర్బో నుంచి వచ్చే ఆయిల్ లీకు, పొగ. మెకానిక్ ఆలోచించే తీరు ఎలా ఉండాలో ఈ ఒక్క లోపం చెప్పినంత స్పష్టంగా మరొకటి చెప్పదు.

ఆటోనగర్లలో తరచూ జరిగేదే చూడండి. లారీకి పికప్ తగ్గింది, టర్బో పోయిందన్నారు. కొత్త టర్బో తెచ్చి బిగించారు. సెల్ఫ్ కొట్టగానే సైలెన్సర్ నుంచి నీలిరంగు పొగ. టర్బో కింద ఆయిల్ చుక్కలు. వెంటనే వినిపించే మాట, "ఈ టర్బో డిఫెక్టు, మార్చేద్దాం." రెండోది తెస్తారు, అదీ పొగ వదులుతుంది. ఈలోగా లోడు ఆగిపోయింది, డ్రైవరు బత్తా ఆగలేదు, ఓనరుకు ఫైనాన్సు వాయిదా దగ్గరపడింది. రెండు టర్బోలూ మంచివే కావచ్చు. అసలు కారణాన్ని ఎవరూ అడగలేదంతే.

అడగాలంటే ముందు ఆ యంత్రం లోపల ఏం జరుగుతుందో కళ్ల ముందు కనిపించాలి. స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూఖి 1905లో దీని ఆలోచనకు పేటెంటు తీసుకున్నారు. ఇంజిన్ వదిలేసే వేడి పొగలో ఉన్న శక్తితో ఒక చక్రాన్ని తిప్పి, అదే షాఫ్టు మీదున్న రెండో చక్రంతో ఇంజిన్లోకి గాలిని ఎక్కువగా తొయ్యాలన్నది ఆ ఆలోచన. అది పెద్ద డీజిల్ ఇంజిన్లలో నిలదొక్కుకోవడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 1920ల నడుమ రెండు జర్మన్ ప్రయాణికుల నౌకల్లో పది సిలిండర్ల ఇంజిన్లకు దాన్ని అమర్చినప్పుడు, 1,750 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజిన్ 2,500 ఇచ్చింది. ఆ నౌకల్లో ఉన్న సూత్రమే ఈ రోజు మీరు విప్పే ప్రతి టర్బోలోనూ ఉంది.

లారీ టర్బో షాఫ్టు లోడు మీద నిమిషానికి లక్ష చుట్లకు అటూ ఇటుగా తిరుగుతుంది. అంటే సెకనుకు పదహారు వందలకు పైగా. చిన్న కార్లలో ఇది రెండు లక్షలూ దాటుతుంది. అంత వేగంలో లోహం లోహాన్ని తాకితే క్షణాల్లో అరిగిపోతుంది. అందుకే షాఫ్టు పలుచటి ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఇంజిన్ ఆయిల్ పంపు నుంచి ప్రెషరుతో ఆయిల్ పైనుంచి వస్తుంది. బేరింగులను దాటాక దానికి ప్రెషరు ఉండదు. నురగ కట్టిన ఆ ఆయిల్ కేవలం తన బరువుతో, రిటర్న్ పైపు గుండా ఇంజిన్ కిందున్న ఆయిల్ చాంబర్లోకి జారాలి.

ఇక షాఫ్టు రెండు చివర్లా ఉన్న సీళ్ల సంగతి. చాలామంది అక్కడ రబ్బరు సీలు ఉందనుకుంటారు. ఆ వేడికీ వేగానికీ రబ్బరు నిలవదు. అక్కడుండేవి పిస్టన్ రింగుల్లాంటి సన్నని లోహపు రింగులు. వాటి ముఖ్యమైన పని బయటి గ్యాసును, గాలిని లోపలికి రాకుండా అడ్డుకోవడం. ఆయిల్ బయటికి రాకుండా నిలబెట్టేది ప్రధానంగా ప్రెషర్ల తేడాయే. బయట టర్బైన్ వైపు, కంప్రెసర్ వైపు ప్రెషరు ఎక్కువగా ఉండాలి, నడుమ బేరింగు గదిలో తక్కువగా ఉండాలి. ఈ ఒక్క వాక్యం అర్థమైతే టర్బో లీకుల్లో చాలా భాగం అర్థమైనట్టే. నడుమ గదిలో ప్రెషరు పెరిగినా, బయట ప్రెషరు పడిపోయినా, సీలు ఎంత కొత్తదైనా ఆయిల్ బయటికి వస్తుంది. వంటింట్లో సింకు నిండి పొర్లుతుంటే సింకు మార్చరు కదా, కింద గొట్టం చూస్తారు. టర్బోకూ అంతే.

నడుమ గదిలో ప్రెషరు ఎందుకు పెరుగుతుంది? మొదటి అనుమానం రిటర్న్ పైపు మీద పెట్టండి. అది నలిగిందా, ఎక్కడైనా ఎత్తుకు వంగి కిందికి దిగుతోందా, లోపల కార్బన్ పేరుకుందా చూడండి. ప్యాకింగు తిరగేసి పెట్టడం వల్ల రంధ్రం సగం మూసుకుందా? గాస్కెట్ పేస్టు ఎక్కువ రాస్తే బిగించినప్పుడు అది లోపలికి పిండుకుని దారి మూసేస్తుంది. టర్బో ఆయిల్ దారుల దగ్గర పేస్టు వాడవద్దని తయారీదారులు చెప్పేది ఇందుకే. టర్బోను తిప్పి బిగించినప్పుడు రిటర్న్ దారి నిలువు నుంచి మరీ పక్కకు ఒరిగిందేమో కూడా చూడాలి. సాధారణంగా 35 డిగ్రీలకు మించకూడదంటారు. చాంబర్లో ఆయిల్ గీత దాటి పోసి ఉంటే రిటర్న్ పైపు నోరు ఆయిల్లో మునిగిపోతుంది. అప్పుడు పైనుంచి దిగాల్సిన ఆయిల్‌కు చోటే ఉండదు.

రెండో అనుమానం మీరంతా బ్యాక్ కంప్రెషన్ అని పిలిచేది. రింగులు, లైనర్లు అరిగితే మంట గ్యాసు పిస్టన్ దాటి చాంబర్లోకి దిగుతుంది. బ్రీదరు మూసుకుపోయినా అదే ఫలితం. చాంబర్లోని ప్రెషరు రిటర్న్ పైపు గుండా పైకి ఎదురుతన్ని, దిగే ఆయిల్‌ను ఆపేస్తుంది. ఇంజిన్ స్లోలో ఉండగా ఆయిల్ పోసే మూత తీసి చూడండి. గుప్పుగుప్పుమని పొగ కొడితే టర్బో మీద చెయ్యి వెయ్యకముందే ఇంజిన్ గురించి ఆలోచించాలి. అంచనా సరిపోకపోతే నీటి మానోమీటరుతో కొలవండి. ఆ వచ్చిన అంకెను ఆ ఇంజిన్ తయారీదారు ఇచ్చిన పరిమితితో పోల్చండి.

బయటి ప్రెషరు ఎందుకు పడిపోతుంది? ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో నిండిపోతే కంప్రెసర్ గాలి కోసం గుంజుతుంది. ఆ గుంజుడుకు సీలు దాటి ఆయిల్ కూడా వస్తుంది. గంటల తరబడి ఇంజిన్‌ను స్లోలో వదిలేసినా కంప్రెసర్ చక్రం వెనుక ప్రెషరు తగ్గి ఆయిల్ తడి కనిపిస్తుంది. దీన్ని చూసి టర్బోను తప్పుపట్టడం అన్యాయం. మరోవైపు సైలెన్సరో, బీఎస్6 బండ్లలో ఉండే డీపీఎఫ్ వడపోతో మూసుకుపోతే టర్బైన్ వైపు ప్రెషరు మితిమీరి గ్యాసు నడుమ గదిలోకి చొరబడుతుంది. అప్పుడు ఆయిల్ కంప్రెసర్ వైపు నుంచి బయటపడుతుంది. మూసుకుపోయింది ఒక చోట, తడి కనిపించేది మరో చోట.

ఇక తడి ఎక్కడిదో తేల్చే పద్ధతి. పైనుంచి కారిన ఆయిల్ టర్బో మీద పడి టర్బోదిలా కనిపించడం మామూలే. వాల్వు కవరు ప్యాకింగు కావచ్చు, ఫీడ్ పైపు బోల్టు కింద పాత రాగి వాషరే మళ్లీ వేసి ఉండవచ్చు. చల్లారాక అంతా శుభ్రంగా తుడిచి, బయట సుద్దపొడి పలుచగా చల్లి, ఇంజిన్ నడిపి, తడి మొదట ఎక్కడ పుడుతుందో చూడండి. చివరికి ఎక్కడ చేరిందో దానితో మనకు పని లేదు.

లోపలి తడికి ఇంజిన్ ఆపి హోసులు విప్పండి. కంప్రెసర్‌లోకి గాలి వచ్చే వైపే ఆయిల్ ఉంటే అది బ్రీదరు నుంచి వస్తోంది. లోపలికి వచ్చే వైపు పొడిగా, బయటికి వెళ్లే వైపు తడిగా ఉంటే సీలు దాటుతోంది. పొగ వైపూ ఇదే లెక్క. మానిఫోల్డు విప్పితే ఇంజిన్ పోర్టుల్లోనే ఆయిల్ తడి ఉందనుకోండి, రింగులో వాల్వు గైడ్లో దోషులు. అక్కడ పొడిగా ఉండి టర్బైన్ తర్వాత తడిగా ఉంటే టర్బో దగ్గరికి రావాలి. కానీ వచ్చాక కూడా రిటర్న్ పైపు, బ్రీదరు చూశాకే టర్బోను విప్పాలి.

పొగ రంగు కూడా మాట్లాడుతుంది. నీలం ఆయిల్ కాలడాన్ని చెబుతుంది. నలుపైతే డీజిల్‌కు తగ్గ గాలి అందడం లేదు, ఇంటర్‌కూలర్ హోసు ఎక్కడో చిరిగి ఉండవచ్చు. తెలుపైతే కాలని డీజిలో, కూలెంటో. ఇంకో సంగతి గుర్తుంచుకోండి. పాత టర్బో చనిపోతూ లీటర్ల కొద్దీ ఆయిల్‌ను ఇంటర్‌కూలర్లోకి, సైలెన్సర్లోకి వదిలి ఉండవచ్చు. దాన్ని కడగకుండా కొత్తది బిగిస్తే ఆ పాత ఆయిలే కాలుతూ పొగ వస్తుంది. లోడు మీద నడిపే కొద్దీ పొగ తగ్గుతూ, డిప్‌స్టిక్ మీద మట్టం నిలకడగా ఉంటే అది పాత బాకీ. మట్టం తగ్గుతూ ఉంటే లీకు ఇంకా బతికే ఉంది.

షాఫ్టును వేలితో కదిపి "ఆడుతోంది, పోయింది" అని తీర్పు చెప్పకండి. ఆయిల్ లేని కొత్త టర్బోలో షాఫ్టు పక్కలకు కొంచెం ఆడటం సహజం, ఆయిల్ పొర నిండాల్సిన చోటు అది. ముందుకూ వెనక్కూ కదలిక మాత్రం చాలా తక్కువ ఉండాలి. డయల్ గేజీ పెట్టి కొలవండి. చక్రం అంచు గోడను తాకిన గీతలున్నాయేమో చూడండి.

బిగించేటప్పుడే చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. ఫీడ్ పైపు కొత్తది వేయండి, లేదా లోపల కార్బన్ లేదని నిర్ధారించుకోండి. ఆయిల్, ఫిల్టరు మార్చండి. టర్బో ఆయిల్ రంధ్రంలో శుభ్రమైన ఆయిల్ పోసి చక్రాన్ని చేతితో తిప్పండి. ఇంజిన్ అందుకోకుండా డీజిల్ ఆపి సెల్ఫ్ కొట్టి ఆయిల్ ప్రెషరు రానివ్వండి. అప్పుడు స్టార్టు చేసి కొన్ని నిమిషాలు స్లోలోనే ఉంచండి. మొదటి క్షణాల్లో రేసు చేస్తే ఆయిల్ అందని బేరింగు అక్కడికక్కడే దెబ్బతింటుంది.

ఒక హెచ్చరిక మీ ప్రాణాల కోసం. టర్బో నుంచి ఆయిల్ గాలి దారిలోకి ధారగా పోతే డీజిల్ ఇంజిన్ ఆ ఆయిల్‌నే ఇంధనంగా తాగి తనంతట తానే రేసు అందుకుంటుంది. కీ తీసినా ఆగదు. గాలి ఆపితేనే ఆగుతుంది. అరచేతితోనో గుడ్డతోనో మూయబోవద్దు, లోపలికి లాగేస్తుంది. ఇలాంటి అనుమానం ఉన్న బండిని స్టార్టు చేసే ముందే గాలి దారిని మూయగల గట్టి పలకను దగ్గర పెట్టుకోండి, చుట్టూ ఉన్నవాళ్లను దూరం పంపండి. ఇంజిన్ ఇప్పటికే చేయి దాటితే పక్కన నిలబడకండి. పార్టులు పగిలి ఎగురుతాయి.

మిత్రులారా, ఇంతసేపు నేను చెప్పిన పరీక్షల్లో చాలావాటికి పెద్ద ఖర్చు లేదు. గుడ్డ, సుద్దపొడి, స్పానరు, టార్చిలైటు, ఓపిక. ఖరీదైనది టర్బో ఒక్కటే. అందుకే ఖర్చు లేని పరీక్షలన్నీ అయ్యాకే ఖరీదైన పార్టు దగ్గరికి వెళ్లడం మెకానిక్ ధర్మం. పార్టులు మార్చడం ఎవరైనా నేర్చుకుంటారు. కారణం తేల్చగలిగినవాడి కోసం బండి ఊళ్లు దాటి వస్తుంది.

ఆ ధర్మంలో నిజాయితీ కూడా భాగమే. చూసింది, కొలిచింది జాబ్ కార్డు మీద రాయండి. తీసిన పాత పార్టును ఓనరు చేతికి ఇచ్చి, ఎందుకు పోయిందో ఆయనకు అర్థమయ్యే మాటల్లో చెప్పండి. పేస్టు మూసేసిన రిటర్న్ పైపు వల్ల పోయిన టర్బోను కంపెనీ డిఫెక్టుగా రాసి వారంటీకి పంపకండి. ఇంజిన్ బోరుకు వచ్చిందని తెలిసీ, టర్బో అమ్మితే లాభమని నోరు మూసుకోకండి. మీ ముందు నిలబడిన లారీ ఓనరుకు మీకు తెలిసినంత తెలియదు. ఆయన తెలియనితనం మీ ఆదాయం కాకూడదు.

రేపు అప్రెంటిస్‌గా చేరిన చోట సీనియర్ మేస్త్రీ "టైము లేదు, మార్చేసెయ్" అనవచ్చు. వాదనకు దిగకండి. "అన్నా, ఐదు నిమిషాలు ఇవ్వండి, బ్రీదరు ఒక్కటి చూసి చెప్తాను" అనండి. రెండుసార్లు మీ మాట నిజమైతే మూడోసారి ఆయనే మిమ్మల్ని పిలుస్తాడు. గౌరవం మన పనిలో అలాగే వస్తుంది.

2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. చిన్న పెట్రోలు కార్లలోకి కూడా టర్బో వస్తోంది. సెన్సార్లు పెరిగాయి, స్కానరు లేకుండా పని జరగదు. స్కానరు నేర్చుకోండి, బాగా నేర్చుకోండి. కానీ అది చూపే కోడ్ లక్షణాన్ని చెబుతుంది, కారణాన్ని మీరే వెతకాలి. ప్రెషరు ఎటు నుంచి ఎటు పోతుంది, ఆయిల్ ఎందుకు ఈ దారి పట్టింది అని అడిగే అలవాటు ఉన్నవాళ్లు రేపు ఎలక్ట్రిక్ బండి ముందు నిలబడినా తడబడరు.

ఈ రోజు మీరు అందుకున్న సర్టిఫికెట్ మీకు పనిముట్టు పట్టే అర్హత ఇచ్చింది. ముందు కారణం, తర్వాతే పార్టు అన్న నియమాన్ని ఏ వర్క్‌షాపులో ఉన్నా వదలకండి. మీరు బాగుచేసిన బండ్లు లోడుతో ఘాట్లు ఎక్కాలి, డ్రైవర్లు క్షేమంగా ఇళ్లకు చేరాలి, మీ పనితో మీ అమ్మానాన్నల పేరు నిలబడాలి.