దవాఖానలో "జారి పడ్డా" అని రాయించకండి

(మక్తల్‌లో ఆరోగ్య లక్ష్మి లబ్ధిదారులు, మహిళా సంఘాల సభ్యుల సమావేశంలో జిల్లా పౌర సంబంధాల అధికారి ప్రసంగ పాఠం. రాలేకపోయిన వారి కోసం ఫోన్‌లో పంపుతున్నాం.)



ముందు ఒక జాగ్రత్త చెప్పి మొదలుపెడతాను. ఈ కాగితం మీ ఫోన్‌లో ఉంటే ఇంట్లో గొడవ అయితదని అనిపిస్తే, చదివి తీసేయండి. 181 అనే నంబరు ఒక్కటి మాత్రం నోటికి పెట్టుకోండి. అది మహిళల హెల్ప్‌లైన్. పగలూ రాత్రీ పని చేస్తుంది, పైసా ఖర్చు లేదు. మాట్లాడినాక కాల్ లిస్టులోంచి ఆ నంబరు కూడా తీసేయొచ్చు.

మీలో చాలామంది అంగన్‌వాడీకి వస్తారు. భోజనం, గుడ్డు, పాలు, రక్తం పెరిగే మాత్రలు, బరువు చూడడం, ఇవన్నీ మీకు నాకంటే బాగా తెలుసు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి మించి, 57 శాతం పైన, రక్తం తక్కువున్న వాళ్లే. ఈ లెక్క ప్రతి మీటింగులో చెప్తాం. అదే సర్వేలో ఇంకో లెక్క ఉంది, దాన్ని మాత్రం ఎవరం పెద్దగా ఎత్తం. మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి దాదాపు 37 మంది ఎప్పుడో ఒకప్పుడు భర్త చేతిలో దెబ్బలో, బలవంతమో అనుభవించిన వాళ్లు. దేశం మొత్తం మీద ఇది 29 శాతం. ఇంకా బాధపెట్టే మాట ఒకటుంది. ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సరైనదే అని చెప్పిన ఆడవాళ్లు మన రాష్ట్రంలో నూటికి 84 మంది. అత్తమామలకు మర్యాద ఇవ్వకపోతే, ఇంటినీ పిల్లల్నీ సరిగ్గా చూసుకోకపోతే, ఎదురు చెబితే, వంట బాగా చేయకపోతే, ఇట్లాంటి కారణాలు చెప్పి అడిగారు. ఆ 84 మందిని తప్పుపట్టడానికి నేను రాలేదు. చిన్నప్పటి నుంచి ఇంట్లో విన్నదే వాళ్లు చెప్పారు. ఆ మాట విని పెరిగినందుకే దెబ్బ తిన్నది కూడా దాన్ని దెబ్బ అనదు, "జారి పడ్డా" అంటది.

నేను ఇవాళ మాట్లాడాలనుకున్నది ఆ "జారి పడ్డా" గురించే.

నేను జర్నలిజం చదివి ఈ ఉద్యోగంలోకి వచ్చాను. రోజూ పొద్దున్నే జిల్లా పేజీలు చూడడం నా పని. "కడుపునొప్పి తాళలేక వివాహిత ఆత్మహత్య" అనే వార్త మీరూ ఎన్నోసార్లు చదివి ఉంటారు. "కుటుంబ కలహాల నేపథ్యంలో" అనేది ఇంకో మాట. కొన్నిచోట్ల నిజంగా కడుపునొప్పే అయి ఉండొచ్చు. కానీ ఒక్కసారి కాగితం మీద ఆ మాట పడితే, వెనక ఏం జరిగిందో అడిగే మనిషి ఉండడు. దవాఖాన చీటీ కూడా అట్లాంటి కాగితమే.

ఎట్లా అంటే, చెయ్యి విరిగి పీహెచ్‌సీకి పోతారు. డాక్టరు "ఎట్ల తగిలింది?" అని అడుగుతడు. పక్కన భర్తో, అత్తో నిలబడి ఉంటే "బాత్రూంలో జారి పడ్డా" అంటారు. డాక్టరు అదే రాస్తడు. ఏడాది తర్వాత మీరు కోర్టుకు పోయి "నన్ను రెండేళ్లుగా కొడుతున్నడు" అంటే, అవతలి వకీలు మొదట చూపించేది ఆ చీటీనే. అదే చీటీలో "భర్త కట్టెతో కొట్టాడని చెప్పింది, ఎడమ చేయి ఎముక విరిగింది" అని తేదీతో సహా ఉంటే, కొట్టినప్పుడు చూసిన సాక్షి ఎవరూ లేకపోయినా అది మీ పక్షాన నిలబడుతది.

పక్కన ఇంటివాళ్లు ఉంటే ఎట్ల చెప్పాలి అంటారు. "డాక్టరమ్మా, ఒక్కదాన్నే మాట్లాడాలె" అనండి, లేదా నర్సుకో, ఆశాకో చెప్పండి. పరీక్ష చేయాలని చెప్పి వాళ్లను బయటికి పంపడం నర్సులకు బాగా తెలుసు. దాడి జరిగిందని చెబితే డాక్టరు మెడికో లీగల్ కేసుగా రాసి పోలీసులకు సమాచారం పంపవచ్చు, ఆ సంగతి దాచను. పోలీసులు వచ్చి మీ మాట అడిగి రాసుకుంటారు. చీటీ అసలుది ఇంట్లో పెట్టొద్దు. ఫోటో తీసి అక్కకో, తల్లిగారింటికో పంపండి.

కొన్ని దెబ్బలు పైకి కనిపించవు. గొంతు నులిమితే మచ్చ కూడా పడకపోవచ్చు, కానీ గొంతు బొంగురుపోయినా, మింగడం కష్టమైనా, తల తిరిగినా ఆ రోజే దవాఖానకు పోవాలి. ఒకసారి గొంతు పట్టినవాడు మళ్లీ పట్టే ప్రమాదం ఎక్కువ, ఆ ఇంట్లో ప్రాణానికే భయం ఉన్నట్టు లెక్క. కడుపుతో ఉన్నామెకు పొట్ట మీద దెబ్బ తగిలితే, రక్తం కనబడినా, నొప్పి వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినా 108కి ఫోన్ చేయండి, తెల్లారేదాకా ఆగొద్దు. నిద్ర పట్టక, చచ్చిపోవాలనిపిస్తుంటే 14416కి ఫోన్ చేయండి, అది టెలి మానస్. మనసు బాధకు ఫోన్‌లోనే సలహా ఇస్తారు, డబ్బులు అక్కర్లేదు.

ఇక అందరూ అడిగే మాట, "కేసు పెడితే ఇల్లు పోతది గదా, పిల్లల్ని పట్టుకొని యాడికి పోవాలె?" ఈ భయమే చాలామంది నోరు కట్టేస్తున్నది. దీనికి జవాబు 2006 అక్టోబరు 26 నుంచి అమలులో ఉన్న గృహ హింస చట్టంలో ఉంది. ఆ చట్టం కింద మీరు అడిగేది భర్తను జైల్లో వేయమని కాదు. నన్ను కొట్టొద్దని ఆర్డర్ ఇవ్వండి, ఇంట్లోంచి వెళ్లగొట్టొద్దని చెప్పండి, నాకూ పిల్లలకూ ఖర్చులిప్పించండి, పిల్లల్ని నా దగ్గర ఉంచండి, ఇవీ మీరు మెజిస్ట్రేటును అడిగేవి. ఇల్లు మీ పేరు మీద లేకపోయినా అందులో ఉండే హక్కు మీకుంది. "ఇల్లు మా అత్త పేరు మీద ఉంది, నాకేం హక్కు" అనుకోకండి. కాపురం చేసిన ఇల్లు అత్తమామలదైనా అందులో ఉంటానని కోడలు అడగవచ్చని 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టు రక్షణ ఆర్డరును భర్త లెక్కచేయకపోతే మాత్రం అది నేరం, ఏడాది దాకా జైలు పడొచ్చు.

మన దగ్గర ఇంకో రకం బాధ ఉంది. భర్త పుణెకో, ముంబైకో, బెంగళూరుకో పనికి పోతడు. ఏడాదికోసారి వస్తడు, లేదా రాడు. పైసలు పంపడు, ఫోన్ ఎత్తడు. ఇక్కడ అత్తగారింట్లో బియ్యం కొలిచి ఇస్తరు, కూలి డబ్బులు గుంజుకుంటరు. దెబ్బ లేదు కాబట్టి హింస కాదనుకోకండి. ఖర్చులకు ఇవ్వకపోవడం, సంపాదన లాక్కోవడం, బంగారం తాకట్టు పెట్టేయడం, వీటన్నిటినీ ఆ చట్టం ఆర్థిక హింస అంటుంది. మక్తల్ బిడ్డను రాయచూరు వైపు ఇచ్చారనుకోండి. ఆమె తల్లిగారింటికి వచ్చేస్తే, దరఖాస్తు కోసం మళ్లీ కర్ణాటక పోనక్కర్లేదు. ప్రస్తుతం తాను ఉంటున్న ఊరు ఏ మెజిస్ట్రేటు కిందికి వస్తే అక్కడే వేసుకోవచ్చు. భార్యలకే కాదు, కొడుకు కొడుతున్న తల్లికీ, అన్నదమ్ములు వెళ్లగొట్టిన అక్కచెల్లెళ్లకూ, భర్త చనిపోయిన కోడలికీ ఈ చట్టం వర్తిస్తుంది.

దరఖాస్తు రాయడానికి వకీలు ఫీజు ఎక్కడిది అంటారేమో. ఆదాయం ఎంతున్నా సరే, ఆడవాళ్లందరికీ ప్రభుత్వ ఖర్చుతో వకీలును ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెప్తున్నది. 15100 నంబరుకు చేసి అడగొచ్చు. దరఖాస్తు వేసినాక మూడు రోజుల్లో మొదటి వాయిదా, ఆ తర్వాత 60 రోజుల్లో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టంలో ఉంది. నిజం చెప్పాలంటే చాలాచోట్ల అంతకంటే ఆలస్యం అయితది. అందుకే మొదటి రోజే మధ్యంతర ఆర్డర్ అడగమని మీ వకీలుకు చెప్పండి.

ఇవన్నీ ఒక్కదానివే తిరగాల్సిన పని లేదు, అందుకే సఖి కేంద్రం పెట్టారు. జిల్లా కేంద్రం నారాయణపేటలో ఉంది. వైద్యం, పోలీసు సాయం, వకీలు, కౌన్సెలింగ్, కొద్ది రోజులు ఉండడానికి చోటు, ఈ అయిదూ ఒకే చోట. చిన్నపిల్లల్ని వెంట తీసుకుపోవచ్చు. పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహాలక్ష్మి కింద టికెట్ లేకుండా పోవచ్చు, ఆధార్ చూపిస్తే చాలు. (రాయచూరు బస్సైతే మన రాష్ట్ర సరిహద్దు దాకే ఉచితం, గుర్తుంచుకోండి.) అర్ధరాత్రి బయటపడాల్సి వస్తే బస్సు కోసం చూడొద్దు, 112కి చేయండి, పోలీసులు వస్తారు.

అత్యాచారం జరిగితే వ్యవహారం వేరు. అక్కడ గంటలు లెక్క. గర్భం రాకుండా వేసే మాత్ర, హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే మందు, రెండూ 72 గంటల లోపు మొదలుపెట్టాలి, ఎంత తొందరైతే అంత మంచిది. స్నానం చేయకుండా, బట్టలు ఉతకకుండా పోతే సాక్ష్యం దొరుకుతది. ఆ బట్టల్ని ప్లాస్టిక్ కవర్లో కాకుండా కాగితంలో చుట్టి తీసుకుపోండి. స్నానం చేసేసినా సరే, ఆలస్యమైనా సరే, పోవడం మానొద్దు. సర్కారు దవాఖానైనా ప్రైవేటుదైనా డబ్బులు అడగకుండా వెంటనే వైద్యం చేయాలి, ఇది చట్టం. వెనకట్లా రెండు వేళ్ల పరీక్ష చేయడానికి వీల్లేదని 2022లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది.

స్టేషన్‌లో "ఇది మా హద్దు కాదు" అంటే ఒప్పుకోవద్దు. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర పశువైద్యురాలి విషయంలో ఏం జరిగిందో మీకు గుర్తుంది. ఫిర్యాదు తీసుకోవడంలో ఆలస్యం చేసినందుకు అప్పట్లో ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో ఈ సంగతి స్పష్టంగా రాశారు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనైనా ఎఫ్ఐఆర్ రాయాల్సిందే, దాన్ని జీరో ఎఫ్ఐఆర్ అంటారు. దాని కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి. అడిగి తీసుకోండి.

మన మక్తల్, ఊట్కూర్, నారాయణపేట పల్లెల్లో మాట్లాడుతూ జోగిని గురించి మాట్లాడకపోతే ఎట్లా? ఆడపిల్లను దేవత పేరు మీద వదలడం 1988 చట్టం ప్రకారం నేరం. తల్లిదండ్రులు చేసినా నేరమే. ఆ రోజుల్లో వదిలేసిన ఆడవాళ్లు ఇప్పుడు పెద్దవాళ్లయి మన మధ్యనే ఉన్నారు. సంఘంలో వాళ్లను దూరం పెట్టొద్దని కూడా అడుగుతున్నాను. వాళ్లను ఎవరైనా కొడితే, బలవంతం చేస్తే, "ఆమె జోగిని కదా" అనే మాట చట్టం ముందు చెల్లదు. 181 వాళ్లదీ, సఖి వాళ్లదీ. ఎక్కడైనా ఇప్పటికీ పిల్లను వదిలే ప్రయత్నమో, 18 నిండకుండా పెళ్లి చేసే ప్రయత్నమో జరుగుతుంటే 1098కి చెప్పండి. పద్దెనిమిది నిండకపోతే కల్యాణలక్ష్మి రాదనే సంగతి అందరికీ తెలుసు. అయినా వయసు దిద్దిన కాగితాలు వస్తూనే ఉన్నాయి. పదహారేళ్ల పిల్ల మొదటి కాన్పు ఎంత ప్రమాదమో ఆ కాగితం దిద్దిన వాళ్లకు ఏఎన్ఎం చెప్పగలదు.

సంఘం లీడర్లకు, వీవోఏలకు ఒక మాట. దెబ్బలు కనబడితే పదిమందిలో అడగొద్దు. అప్పు కిస్తీ కట్టే వంకతోనో, బరువు చూసే రోజునో పక్కకు పిలిచి, "ఇంట్లో నీకు భయమైతుందా అక్కా?" అని అడగండి. ఆమె ఏమీ చెప్పకపోతే ఒత్తిడి చేయొద్దు, వచ్చే వారం మళ్లీ అడగండి. హింసకు గురైన ఆడవాళ్లలో ఎవరికీ చెప్పుకోని వాళ్లు నూటికి 77 మంది అని అదే సర్వే చెప్పింది, రెండో మూడో సారి అడిగితేనే నోరు విప్పుతారు. మీకు తెలిసిన సంగతి మహిళా శిశు సంక్షేమ శాఖలోని రక్షణాధికారికి మంచి ఉద్దేశంతో చెబితే మీ మీద ఏ కేసూ రాదు, ఆ చట్టంలోనే రాసి ఉంది. పెద్దమనుషుల పంచాయితీలో మాట్లాడి సర్దుకుపోవాలనుకోవడం మీ ఇష్టం, కానీ అక్కడ తెల్ల కాగితం మీద సంతకమో వేలిముద్రో పెట్టొద్దు. అత్యాచారం పంచాయితీలో తేల్చే విషయమే కాదు.

బయటికి రావాల్సిన రోజు కోసం ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, పెళ్లి ఫోటో, పిల్లల పుట్టిన సర్టిఫికెట్, వీటి ఫోటోలు నమ్మకమైన మనిషి ఫోన్‌లో ముందే పెట్టుకోండి. ఏ కాగితమూ చేతిలో లేకపోయినా ఆగొద్దు, సఖిలో మొదట మనిషిని చూస్తారు, కాగితాలు తర్వాత.

ఇప్పుడు సఖి నుంచి వచ్చిన మేడం కౌన్సెలింగ్ ఎట్లా ఉంటదో చెప్తారు. అడగాలని ఉండి సిగ్గుపడేవాళ్లు పేరు రాయకుండా చీటీ మీద ప్రశ్న రాసి గుమ్మం పక్కనున్న డబ్బాలో వేయండి. రాయడం రాని పెద్దమ్మలు మేడం చెవిలో చెప్పినా సరే.