ఎచ్చెర్ల విద్యాపీఠమును మన బాలికలును

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో బెజవాడయందు పుట్టి, 1930లో వాల్తేరు చేరినది. జయపురాధీశులు విక్రమదేవవర్మగారు ఏటేట లక్ష రూపాయలొసగి దానిని పోషించిరి. (మన సంచికలలో విందుల దాతలకే పెద్దయక్షరములు!) మన పెద్దలకు వాల్తేరు చదువనగా పూండి స్టేషనులో బండి యెక్కి యిల్లు విడుచుటయే. 1977లో ఆ పరిషత్తువారి స్నాతకోత్తర కేంద్రము ఎచ్చెర్లలో వెలసెను. అదియే 2008లో డాక్టరు బి. ఆర్. అంబేడ్కరు విశ్వవిద్యాలయమైనది.

విద్య మన జిల్లాకే వచ్చినను, ఉద్దానపు తోటకూలి కూతురు దినదినము ఎచ్చెర్లకు పోయిరాజాలదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరితోటలను నేలగూల్చెను. నాటిన మొక్క కాయుటకు ఏండ్లు పట్టును. పిల్ల చదువంతవఱ కాగునా? కావున విందు వ్యయమును సగము తగ్గించి, శ్రీకాకుళమున బాలికలకొక బస యద్దెకు గొనుడని మేము కోరుచున్నాము. చందా పుస్తకము వేదికమీదనే యున్నది.