సాల్టెయిర్ మిల్లు

దేవాలయాలను గురించీ, రాజప్రాసాదాలను గురించీ ముచ్చటించుకొన్నంత ఆసక్తితో మనము బట్టల మిల్లును గురించి ముచ్చటించుకొనము. మిల్లు అనగానే పొగగొట్టమూ, మసిపట్టిన గోడలూ మనస్సుకు వస్తవి. కాని విక్టోరియా రాణి కాలమున ఇంగ్లండులోని వాస్తుశిల్పులు తమ విద్యనంతా వెచ్చించి నిర్మించిన భవనములలో మిల్లులు కూడా ఉన్నవి. యార్కుషైరులోని సాల్టెయిర్ అట్టిది.

టైటస్ సాల్ట్ బ్రాడ్‌ఫర్డు నగరమున ఉన్ని వ్యాపారి. పెరూ దేశపు అల్పాకా ఉన్నితో నిగనిగలాడే బట్టలు నేయించి సంపన్నుడైనాడు. 1848లో ఆ నగరానికి మేయరైనాడు. మరుసటి ఏడే అక్కడ కలరా చెలరేగింది. పొగతోను, మురికితోను నిండిన ఆ నగరాన్ని విడిచి, చెదరియున్న తన మిల్లులనన్నిటినీ ఒకచోట చేర్చ సంకల్పించినాడు. అందుకు మూడు నాలుగు మైళ్ళ దూరమున ఏర్ నది ఒడ్డును ఎన్నుకొన్నాడు. అక్కడ నదియే గాక, లీడ్స్–లివర్‌పూల్ కాలువ ఉన్నది, రైలుమార్గమూ ఉన్నది. ముడి ఉన్ని రావడానికీ, బట్ట పోవడానికీ అంతకన్న అనువైన చోటు లేదు. తన పేరునూ, నది పేరునూ జోడించి ఊరికి సాల్టెయిర్ అని పేరు పెట్టినాడు.

1853 సెప్టెంబరు 20వ తేదీన, సాల్ట్ ఏబదవ పుట్టినరోజున, మిల్లు ప్రారంభమైనది. ఆకృతిని కల్పించినవారు లాక్‌వుడ్, మాసన్ అనే వాస్తుశిల్పులు. యంత్రవిషయము చూచినవాడు విలియం ఫెయిర్‌బెయిర్న్ అనే ఇంజనీరు. రాతితో కట్టిన దక్షిణపు ముఖము 545 అడుగుల పొడవు, ఆరంతస్తుల ఎత్తు. చూపరులకది ఇటలీ దేశపు ప్రాసాదమువలె తోచును. 250 అడుగుల పొగగొట్టాన్ని సైతము గంటగోపురమువలె తీర్చినారు.

అయితే ఈ అందము వెనుక గట్టి అవసరములున్నవి. వెనుకటి మిల్లులలో కొయ్యదూలములు, కొయ్యనేలలు ఉండేవి. నేల నూనెతో తడిసియుండేది; గాలిలో దూది, నూగు ఎగిరేవి; చుట్టూ దీపములు. ఒక్క నిప్పురవ్వతో భవనమంతా బూడిద కావచ్చును. ఈ భయమువల్లనే 1797 నాటికి ష్రూస్‌బరీలో చార్లెస్ బేజ్ ఇనుప చట్రముతో అవిసెనార మిల్లు ఒకటి కట్టినాడు. సాల్టెయిర్‌లోనూ పోత ఇనుప స్తంభములపై ఇటుక కమానులు నిలిపి అంతస్తులు వేసినారు.

భవనము పొడవుగా ఉండడానికీ కారణమున్నది. ఆవిరియంత్రపు బలము ఇరుసులద్వారా, పట్టీలద్వారా ఒక వరుసలో యంత్రములకు అందవలెను. ఇరువైపుల కిటికీల వెలుతురు లోపలివరకు పారవలెను. మరమగ్గములు ఆడుతుంటే నేల అదురును. కనుక వాటిని పై అంతస్తులలో పెట్టక, నేలమీదనే ఒంటి అంతస్తు షెడ్లలో ఉంచినారు. రంపపు పళ్ళవంటి వాటి కప్పులలో అద్దములు ఉత్తరముఖముగా ఉండును. ఎండ పడకుండా, రోజంతా ఒకే తీరు వెలుతురు వచ్చును. చప్పుడు తగ్గుటకై ఇరుసులను నేల అడుగున అమర్చినారు.

మిల్లు చుట్టూ ఎనిమిది వందలకు పైగా ఇండ్లు, బడి, ఆసుపత్రి, స్నానశాల, వృద్ధులకు వసతిగృహములు వెలసినవి. 1859లో చర్చి పూర్తి అయినది. సారాయి దుకాణము మాత్రము లేదు. ఆనాటి బ్రాడ్‌ఫర్డు ఇరుకుసందులలో బ్రతికినవారికి ఇది ఎంత మేలో చెప్పనక్కరలేదు. కాని కూలి ఇచ్చేవాడూ, ఇల్లిచ్చేవాడూ ఒక్కడే. మేస్త్రీలకు పెద్ద ఇండ్లు, సామాన్యులకు చిన్న ఇండ్లు: వీధిలో నడిచినవానికి మిల్లులోని హోదాలు ఇంటి గోడలలోనే కనిపించును. పసిపిల్లలు సగము పూట బడిలోను, సగము పూట యంత్రములవద్దను గడిపేవారు. యజమాని దయ ఎంత నిజమో, అతని అధికారమూ అంత నిజము.

1986లో ఇక్కడ నేత నిలిచిపోయినది. మరుసటి ఏట జానథన్ సిల్వర్ అనే వ్యాపారి ఈ భవనాన్ని కొని, బ్రాడ్‌ఫర్డులోనే పుట్టిన డేవిడ్ హాక్నీ చిత్రములను అందులో ప్రదర్శించినాడు. 2001లో యునెస్కో ఈ గ్రామాన్ని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. మగ్గములకై కోరి తెచ్చిన వెలుతురు ఇప్పుడు చిత్రములకు ఉపకరించుచున్నది. ఆ విశాలమైన గదులను మెచ్చుకొనునప్పుడు, వాటిలో దినమంతా నిలబడి పనిచేసిన స్త్రీలను, పిల్లలను కూడా తలచుకొనుట న్యాయము.