వారికిని కూలి గల పని కావలెను

(రాజమహేంద్రవరమున ఒక పఠనాలయములో జరిగిన సభయందు చేసిన ఉపన్యాసము)



ఈ పఠనాలయమునకు ప్రతి సాయంకాలము వచ్చి పత్రికలు చదువుకొని పోవువారిలో బియ్యపు మిల్లుల యజమానులు కలరు. కడియపు నర్సరీల సొంతదారులు కలరు. మిఠాయి వర్తకులు, బడిపంతుళ్లు, మావంటి వకీళ్లు కలరు. మీలో పెక్కురు కూలి యిచ్చువారు. కనుకనే నేటి విషయమును వైద్యుల సభలో గాక మీ సభలో విన్నవింప నెంచితిమి.

పుట్టుకతోడనో పసితనమందో బుద్ధిగాని, మాటగాని, మెలగు తీరుగాని తోటిపిల్లలవలె ఎదుగనివారు ప్రతి యూరను ఉన్నారు. డౌన్ సిండ్రోమ్ గలవారు, ఆటిజము గలవారు, నేటి చట్టము మేధోవైకల్యమని పేర్కొను స్థితిలో నున్నవారు ఈ కోవలోనివారే. జనము వీరిని పిచ్చివారనుట కలదు. ఇది పిచ్చి కాదు. మనోవ్యాధి నడుమ వచ్చునది, చికిత్సకు లొంగునది. ఇది ఎదుగుదలలోని భేదము, బ్రదుకంతయు వెంట నుండునది. 2011 జనాభా లెక్కలలో మేధోవైకల్యము గలవారు దేశమున సుమారు 15 లక్షలమందియని తేలినది. ఇంటిలోని యిట్టి బిడ్డ సంగతి లెక్కల గుమాస్తాకు చెప్పని తల్లిదండ్రులు మనకు తెలియనివారా?

ఈ బిడ్డలు పెద్దవారగుదురు. ఇంత చిన్నమాటను మనము మరచియున్నాము. పసివారుగ నున్నంతకాలము ఏదో యొక దారి యున్నది. మండలములలో ప్రభుత్వమువారి భవిత కేంద్రములు కలవు. కాకినాడలో ఉమా మనోవికాస కేంద్రము కలదు. ఈ విషయమందు పరిశోధనకును బోధనకును సికింద్రాబాదులో 1984లో జాతీయ సంస్థ యొకటి వెలసినది. బిడ్డకు పదునెనిమిదేండ్లు నిండగనే బడి ముగియును. పిదప వీథియరుగు, టెలివిజను పెట్టె, భోజనపు వేళ. పింఛను కలదందురేమో. కలదు, మన రాష్ట్రప్రభుత్వము 2024 జూలైలో వికలాంగుల పింఛనును నెలకు 3,000 రూపాయలనుండి 6,000 రూపాయలకు పెంచెను. అది మంచిదే. కాని పింఛను ఆకలికి సమాధానము. ప్రొద్దున లేచి ఎక్కడికి పోవలెనను ప్రశ్నకు సమాధానము కాదు.

మా కచేరీకి వీలునామా వ్రాయించుకొనుటకు వచ్చు వృద్ధులలో ఇట్టి బిడ్డలు గలవారు అప్పుడప్పుడు వచ్చుచుందురు. పెద్దవానికి పొలము, ఆడపిల్లకు ఇల్లు, ఇంతవరకు చకచక చెప్పుదురు. కాగితము మడచిన పిమ్మట గొంతు తగ్గించి, “మా తరువాత వీనిని ఎవరు చూతురు బాబూ?” అని యడుగుదురు. “వీడేమి చేయును?” అని యడిగినవారు మాకు బహు కొద్దిమందియే కనబడిరి. తల్లిదండ్రుల తప్పు కాదది. చేయుటకు ఏదియు లేదని లోకమంతయు వారికి చెప్పియుండగా వారేమని అడుగగలరు?

లోకము చెప్పుటయే గాదు, చట్టమును చెప్పినది. న్యాయవాద వృత్తిలో నున్నవారము గాన ఈ సంగతి కొంచెము విప్పి చెప్పెదము. మన పూర్వపు హిందూ ధర్మశాస్త్రమున కుంటివానికి, గ్రుడ్డివానికి, జడునికి వారసత్వపు భాగము లేదు, తిండిబట్టలు మాత్రమే. 1928లో వచ్చిన చట్టము కుంటివానిని, గ్రుడ్డివానిని లోనికి రానిచ్చెను. పుట్టుకతో బుద్ధి లేనివానిని మాత్రము పేరుపెట్టి బయట నిలిపెను. వానికి భాగము దక్కుటకు 1956 హిందూ వారసత్వ చట్టపు 28వ సెక్షను రావలసివచ్చెను. తరువాత 1995లో వికలాంగుల చట్టము వచ్చినది. అందు ప్రభుత్వోద్యోగములలో నూటికి మూడు ప్రత్యేకించిరి: చూపు లేనివారికి ఒకటి, వినికిడి లేనివారికి ఒకటి, అవయవ లోపము గలవారికి ఒకటి. బుద్ధిమాంద్యము అంగవైకల్యమేనని ఆ చట్టమే యొక చోట నిర్వచించి, ఉద్యోగముల పంక్తికి వచ్చుసరికి వారికి విస్తరి వేయలేదు. 1928లో జరిగినదే 1995లో మరల జరిగెను. 2016 చట్టములోగాని వారికి చోటు దొరకలేదు. అప్పుడును నూటికి ఒకటి. ఆ యొక్కదానినే ఆటిజము, మేధోవైకల్యము, అభ్యసన వైకల్యము, మనోవ్యాధి, బహువైకల్యము గలవారందరును పంచుకొనవలెను. వ్రాతపరీక్ష పెట్టి ఆ యొక్క చోటును నింపినచో లెక్కలు చేయలేని యువకునికి అది దక్కునని మేము నమ్మజాలము. ప్రైవేటు యజమానులు నూటికి ఐదుగురిని చేర్చుకొనునట్లు ప్రోత్సాహకము లీయవలెనని అదే చట్టపు 35వ సెక్షను చెప్పుచున్నది. ‘ఆర్థికశక్తికి లోబడి’ యను మాట అందు చేర్చిరి. ఆ మాట యున్నచోట వాగ్దానము ఎంత సన్నగిల్లునో వకీళ్లకు వేరుగ చెప్పనక్కర లేదు.

ఇక అసలు విషయమునకు వత్తము. వీరికి పని నేర్పవలెనన్న తలంపు క్రొత్తది కాదు. కొవ్వొత్తులు పోయుట, కాగితపు సంచులు అంటించుట చాలచోట్ల నేర్పుచునే యున్నారు. ఆ పద్ధతిలో ముందు శిక్షణ, తగినవాడైన పిదప ఉద్యోగము. ఆ ‘తగినవాడగుట’ యన్నది ఎప్పటికిని రాదు. పదేండ్లు కొవ్వొత్తులు చేసిన యువకుడు పదునొకండవ యేట కూడ శిక్షణలోనే యుండును. ఒకచోట నేర్చినదానిని మరియొక చోటికి తనంతట మార్చుకొనుట వీరికి కష్టమని ఎరిగియు, ఒకచోట నేర్పి మరియొక చోటికి పంపెదమనుట ఏమి తర్కము?

అమెరికాలో మార్క్ గోల్డు అను నాతడు 1972లో ప్రకటించిన పరిశోధన యొకటి ఈ తర్కమును తలక్రిందులు చేసినది. బుద్ధిమాంద్యము తీవ్రముగ గలవారిచేత పదునైదు ముక్కల సైకిలు బ్రేకును ఆతడు కూర్పించెను. చదువు వచ్చినవాడైనను మొదటిసారికి తడబడు పనియది. పనిని చిన్న చిన్న మెట్లుగ విడదీసి, మాటలు తగ్గించి, చేయి చూపి నేర్పగా వారు నేర్చిరి. నేర్వలేకపోవుట విద్యార్థిలో నున్న లోపమనుటకు ముందు నేర్పు తీరును మార్చి చూడుమనుట ఆతని మతము. పిమ్మట వర్జీనియాలో పాల్ వేమన్ మొదలైనవారు శిక్షణాలయమును దాటి నేరుగ పనిచోటికే పోయిరి. ముందు ఉద్యోగము, ఆ ఉద్యోగములోనే శిక్షణ. ప్రక్కన నొక మనిషి నిలిచి నేర్పును. పని పట్టుబడిన కొలది ఆ మనిషి వెనుకకు తగ్గును. చిక్కు వచ్చినప్పుడు మరల వచ్చును. 1984లోను 1986లోను అమెరికా చట్టములు దీనిని స్వీకరించెను. ఆ ప్రక్కన నిలుచు మనిషిని జాబ్ కోచ్ అందురు. మనము పనితోడు అందము.

ఇది మన గోదావరి గడ్డపై ఎట్లు సాగునో చూడుడు. కడియపులంకలో మొక్కల పెంపకమున పని ఎక్కడ మొదలగును? మట్టితో సంచులు నింపుటలో. తోటవారు కవర్లు నింపుట యందురు. చూచువారికి అదియొక పని. పనితోడు కన్నులకు అది ఏడెనిమిది పనులు. కవరు నోరు తెరచుట, ఎరువు కలిపిన మట్టి దోసిట తీయుట, సగము పోసి నేలపై తట్టుట, మరల పోయుట, అంచునకు రెండు వ్రేళ్లు తక్కువగ ఆపుట, వరుసలో నిలువుగ పెట్టుట. యువకుడు తప్పుచున్నది ఎక్కడ? బహుశః ఆపుటలో, కవరు నిండి పొరలువరకు పోయుచుండును. తిట్టిన ప్రయోజన ముండదు. కవరుపై రంగుతో నొక గీత గీయవలెను. వరుస వంకరపోవుచున్నదా, నేలపై త్రాడు పరచవలెను. త్రాడు ఖరీదెంత?

ఆత్రేయపురపు పూతరేకుల సంగతి తీసికొందము. కాలిన కుండపై పలుచని రేకు తీయుట ఏండ్ల నేర్పు. దానిని అందరికిని ఇమ్మని మేము చెప్పము. కాని రేకులు చుట్టినపిదప పెట్టెలో పది చొప్పున సర్దవలెను గదా. పది లెక్కింపలేని యువతికి పది గదులున్న చెక్కపళ్లెము నిచ్చిన, గది నిండినది కనబడునుగాని లెక్క అక్కరలేదు. మూత పెట్టుట, చీటి అంటించుట అట్టివే. ప్రతి దినము ఒకే పని ఒకే తీరున చేయుట మనకు విసుగు. ఆటిజము గల పలువురికి అదియే నెమ్మది. ఈ భేదమును గుర్తించిన యజమానికి లాభమే గాని నష్టము లేదు.

అన్ని పనులును తగవు. జీడిపిక్క గింజపెంకులోని నూనె చేతులను కాల్చును. మోరి మొదలగుచోట్ల జీడిపప్పు పనిలో పెంకు ఒలుచుటకు వీరిని పెట్టరాదు, ఒలిచిన పప్పును ఏరుటకు పెట్టవచ్చును. కొబ్బరికాయ పీచు ఒలుచు ఇనుపమొన యొద్దకును, బియ్యపు మిల్లులో తిరుగు బెల్టు యొద్దకును మూర్ఛ గలవానిని పంపుట దయ కాదు, అజాగ్రత్త. ఏ మనిషికి ఏ పని యన్నది పనితోడు ముందుగ తోట చూచి, మనిషిని చూచి, రెండును జతపరచవలసిన విషయము.

కూలి మాట చెప్పెదము. ఇది పలువురికి రుచింపక పోవచ్చును. “వాడు మా యింట తినును, పండుగకు బట్టలిచ్చెదము, ఇంకేమి?” అను యజమానులు కలరు. ఉచితముగ పని చేయించుకొని దానిని దాన మనుట మా వృత్తిలో వేరొక పేరుతో పిలువబడును. 1948 కనీస వేతనముల చట్టము చేసినప్పుడే అందలి 26వ సెక్షను, అశక్తులైన పనివారికి ఆ చట్టము వర్తింపకుండ చేయు అధికారమును ప్రభుత్వమున కొసగెను. కనీసమునుండియు మినహాయింపు! పని సగము జరిగినచో సగము గంటలకు పూర్తి కూలి లెక్క కట్టుడు. పూర్తి గంటలకు సగము కూలి యనకుడు. మొదటి మాసములలో లోటుపడిన పనిని పనితోడు తన చేతులతో పూర్తిచేయును. తోటవానికి లెక్క తప్పదు. అదియే ఈ పద్ధతిలోని కిటుకు.

తల్లిదండ్రులకు రెండు భయములు కలవు. కూలి వచ్చినచో పింఛను పోవునేమో యనునది మొదటిది. అది నిరాధారమని కొట్టివేయము; పనిలో పెట్టకముందే సచివాలయములో అడిగి తెలిసికొని తీరవలసిన విషయము. రెండవది బ్యాంకు ఖాతా. వానికి సంతకము రాదు, ఖాతా యెట్లు తెరతురని యడుగుదురు. 2016 చట్టపు 13వ సెక్షను వీరికిని తక్కినవారితో సమానముగ ఆర్థిక వ్యవహారముల హక్కు కలదని చెప్పినది. సంరక్షకుడు తప్పనిసరియైనచోట 1999 నేషనల్ ట్రస్టు చట్టము క్రింద జిల్లాలోని స్థానికస్థాయి కమిటీకి దరఖాస్తు పెట్టవచ్చును. ఆ దరఖాస్తులు వ్రాయుటకు మేము రుసుము తీసికొనము. తక్కిన వకీలు మిత్రులును తీసికొనరని నమ్ముచున్నాము.

ఆడపిల్లల విషయము మరింత కఠినము. కొడుకును అరుగుమీదనైన కూర్చుండనిత్తురు. కూతురిని గది దాటనీయరు. భయమునకు కారణము లేకపోలేదు. కాని 1874లో వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికాపాఠశాల తెరచిననాడును, 1881 డిసెంబరు 11న ఈ పట్టణమున మొదటి వితంతు వివాహము చేయించిననాడును భయములు తక్కువగ నుండెనా? స్త్రీలు పదిమంది కలసి చేయు పూతరేకుల ఇల్లు, లేసు అల్లు నరసాపురపు ఇల్లు, వీనిలో మొదలు పెట్టవచ్చును. పనితోడు స్త్రీయై యుండవలెను. రాకపోకలకు తోడు ముందుగనే నిర్ణయింపవలెను.

ఇది కలలోని మాట కాదని చెప్పుటకు ఒక్క నిదర్శనము. కర్ణాటకములోని హుబ్బళ్ళిలో 2017లో మొదలైన మిట్టీ కెఫే యను ఉపాహారశాలలో వండి వడ్డించువారు వికలాంగులు, అందు మేధోవైకల్యము గలవారును కలరు. 2023 నవంబరులో ఆ శాల యొకటి ఢిల్లీలో సర్వోన్నత న్యాయస్థానపు ఆవరణలో తెరువబడెను. దేశమందలి పెద్ద వకీళ్లు వారి చేతి టీ త్రాగుచున్నారు.

మిగిలినది డబ్బు. చట్టము హక్కు చెప్పినది గాని పనితోడు జీతము ఎవరిత్తురో చెప్పలేదు. యజమాని ఈయనక్కరలేదు, ఆతడు కూలి యిచ్చిన చాలును. ఒక పనితోడు మొదట ఇద్దరిని, వారు స్థిరపడిన పిదప మరి యిద్దరిని చూడగలడు. అట్టి యొక మనిషి సంవత్సరపు జీతమును ఈ పట్టణములో ఇరువదిమంది పంచుకొనినచో ఎవరికిని బరువు కాదు. బడి ముగించిన ప్రత్యేకోపాధ్యాయులు ఈ పనికి తగినవారు. తామే యువకులను ఎరిగియుందురు.

తొలకరిలో నర్సరీలకు చేతులు చాలవు. అంతకు రెండు నెలలు ముందు మొదలుపెట్టిన గాని పని పట్టుబడదు. గ్రంథపాలకుని బల్లపై ఒక పుస్తకము పెట్టితిమి. ఒక్క మనిషినైన చేర్చుకొన దలచిన యజమానులు తమ పేరు, పని మొదలగు గంట, దినకూలి, తోటలో త్రాగునీరు, మరుగుదొడ్డి కలవో లేవో, బస్సు దిగుచోటికి ఎంత దూరమో వ్రాయవలెను. ఇట్టి కొడుకో కూతురో గలవారు వేరొక పుటలో వ్రాయవలెను. వయస్సు వ్రాసిన చాలును, బిడ్డకు ఏమి రాదో వ్రాయనక్కరలేదు. ఏమి ఇష్టమో వ్రాయుడు.